సంధికి ఏడ్చిన ముగ్గురు

అనగా అనగా, చెప్పేవాళ్ళ చూపు ఆనినంత దూరాన, వినేవాళ్ళు రెప్ప వాల్చినంత దగ్గరలో, రెండు నాడులు ఉండేవి. ఒకటి రేగడినాడు, రెండోది కడలినాడు. నడుమ చంద్రేరు పారేది.

రేగడినాడు నల్లనేల. పత్తి పగిలిన రోజుల్లో చూస్తే, ఆకాశంలో మబ్బులన్నీ అలిసిపోయి వచ్చి చేలల్లో పడుకున్నాయా అనిపించేది. కడలినాడు ఓడల రేవు. పొద్దున్నే తెరచాపలు మంచులో తేలుతుంటే, సముద్రం ఇంకా నిద్ర లేవలేదేమో, ఇవన్నీ దాని కలలేమో అనిపించేది. ఏటి నడుమ నడిలంక అని ఒక దీవి. అక్కడ ఇంటింటా మగ్గం, ప్రతి పెరట్లోనూ రంగుల కాగు. రేగడి పత్తి నడిలంకలో బట్ట అయ్యేది. ఆ బట్ట కడలినాటి ఓడలెక్కి దేశాలు తిరిగేది. అలా తిరిగినన్నాళ్ళు రెండు నాడులవాళ్ళూ కడుపునిండా తిన్నారు.

అది పాతమాట, పిల్లలూ. మన కథనాటికి ఆ రెండు నాడులకూ యుద్ధం. మొదలై మూడు తరాలు గడిచినా ముగియని యుద్ధం. వానలు వెలిసి, బురద ఆరి, గుర్రాల డెక్కలు దిగబడని రోజు రాగానే అది మొదలయ్యేది. తొలకరి పడగానే ఆగేది. బడిపిల్లలు ఋతువులు వల్లె వేస్తూ, ఆరూ చెప్పాక, ఏడోది యుద్ధం అనేవారు. పంతుళ్ళు కూడా దిద్దేవారు కాదు.

ఎందుకీ యుద్ధం అని అడిగితే అందరి నోటా ఒకటే మాట. "సింహాసనం కోసం."

పూర్వం రేగడినాటిని ఏలిన రాజుకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు. ఆమెను కడలినాటి రాజుకిచ్చి పెళ్ళి చేశారు. తండ్రి పోయాక ఆమె కొడుకు ఏరు దాటి వచ్చి, "తాతగారి గద్దె నాది" అన్నాడు. రేగడి దొరలు ఒప్పుకోలేదు. "ఆడబిడ్డ కొడుకు పరాయి నాటివాడు" అని, చనిపోయిన రాజు తమ్ముడి కొడుకును గద్దెనెక్కించారు. ఆనాడు దూసిన కత్తి మళ్ళీ ఒరలో పడలేదు.

అలా గద్దెనెక్కినవాడి కొడుకే మారభూపతి. మన కథలో రేగడినాటికి రాజు ఆయనే. ఆయన కూతురు మైలమ.

మైలమకు ఇద్దరన్నలు ఉండేవారు. పెద్దన్న ఒక శరత్తులో యుద్ధానికి వెళ్ళాడు. గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది. చిన్నన్న మరో శరత్తులో వెళ్ళాడు. గుర్రం కూడా రాలేదు. ఇక మిగిలింది తమ్ముడు మాచయ. మూతి మీద నూనూగు మీసం. ఈసారి వానలు వెలియగానే మాచయ నడుముకు కత్తి కడతారని కోటలో అందరూ అనుకుంటున్నారు. మాచయ ఆ మాటకే మురిసిపోయి, పాట పాడుకుంటూ కత్తికి సాన పట్టుకుంటున్నాడు.

ఆ సాన చప్పుడు మైలమ కలల్లోకి వచ్చేది. కలలో తమ్ముడు తెల్లటి చేల మీదుగా గుర్రం నడుపుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆమె పిలిచేది. పత్తి చేలకు చెవులుండవు కదా. పిలుపు అందులో మెత్తగా మునిగిపోయేది.

ఒకనాడు వాన కురుస్తుండగా ఆమె తండ్రి దగ్గరికి వెళ్ళింది. మారభూపతి గవాక్షం దగ్గర కూర్చుని చూరునీళ్ళు చూస్తున్నాడు.

"నాన్నగారూ, ఈ యుద్ధం ఎప్పుడు ఆగుతుంది?"

"సింహాసనం పేచీ తీరిననాడు, తల్లీ."

"తీరితే నిజంగా ఆగుతుందా?"

"ఎందుకాగదు? కారణం పోయాక కార్యం ఉంటుందా?"

"అయితే నన్ను కడలినాటికి పంపించండి. ఆ పేచీ తీర్చుకుని వస్తాను."

రాజు నవ్వాడు. మూడు తరాల పేచీ ఈ పిల్ల తీర్చడమేమిటి అనుకున్నాడు. అయినా ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి, ఉన్న ఒక్క కూతురినీ కాదనలేకపోయాడు. "వెళ్ళిరా" అన్నాడు.

మైలమ తెల్లజెండా కట్టిన పడవెక్కింది. ఏరు మంచులో ముసుగు తన్ని పడుకున్నట్టుంది. నడిలంక పక్కగా పడవ పోతుంటే ఒక్క మగ్గం చప్పుడూ వినపడలేదు. పత్తి ఇవ్వడానికి ఈ ఒడ్డువాళ్ళు రారు, బట్ట కొనడానికి ఆ ఒడ్డువాళ్ళు రారు. ఎవరు వచ్చినా కత్తులతోనే వస్తారు. ఒడ్డున రంగుల కాగుల్లో వాననీళ్ళు నిండి, వాటిలో కప్పలు ఈదుతున్నాయి.

కడలినాటిని అప్పుడు కామసాని అనే ముసలిరాణి ఏలుతోంది. తాతగారి గద్దె నాదన్న ఆ మనవడి భార్య ఆమె. భర్త యుద్ధంలోనే పోయాడు. కొడుకూ యుద్ధంలోనే పోయాడు. పసివాడైన మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని రాజ్యం చూస్తోంది.

మైలమ సభలో అడుగుపెట్టగానే మంత్రులు లేచారు. "శత్రురాజు కూతురు" అని గుసగుసలాడారు. మైలమ ఎవరివైపూ చూడలేదు. నేరుగా వెళ్ళి ముసలిరాణి పాదాలు తాకి, "అత్తా" అంది.

కామసాని ఉలిక్కిపడింది. వరస నిజమే. భర్తకు మారభూపతి మేనమామ కొడుకు వరస, బావ. ఆయన కూతురు తనను అత్త అనక ఏమంటుంది? కాని ఇన్నేళ్ళలో ఆ ఒడ్డు నుంచి బాణాలు వచ్చాయి కాని, పిలుపు రాలేదు.

"ఏమన్నావమ్మాయీ? మళ్ళీ అను."

"అత్తా."

ముసలామె మంత్రులను బయటికి పొమ్మంది.

"అత్తా, నీకు ఆ సింహాసనం కావాలా?"

"దాన్ని నేను ఎన్నడూ చూడలేదు తల్లీ. ఎలా ఉంటుందది?"

"కొయ్యది. వెనక ఆనుకోవడానికి వీల్లేకుండా సింహపు తలలు చెక్కారు. సభ ముగిసేసరికి నాన్నగారికి నడుం పట్టేస్తుంది. రోజూ ఆముదం రాయాలి."

కామసాని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "దీని కోసమా నా ఇంట్లో మగవాళ్ళంతా పోయింది!" అంది. మనవడి తల నిమురుతూ ఇలా అంది. "మా అత్తగారు చనిపోయేముందు గద్దె కావాలని అడగలేదమ్మా. పుట్టింటివాళ్ళు సారె పంపలేదని ఏడ్చింది. తండ్రి పోయాక ఆమెను ఆడపడుచు అన్నవాళ్ళే లేరు. మీ నాన్న ఆమె పేరిట సారె పంపించి, ఈ పసివాణ్ణి మనవడని పిలిస్తే, గద్దె మాట మేం ఇక ఎత్తం. ఇది నా మాట."

మైలమ ఆ మాట పట్టుకుని తిరిగొచ్చింది. రేగడినాట వీధి వీధినా "సంధి! సంధి!" అన్నారు. అరుగుల మీద కూర్చున్న ముసలమ్మలు చేతులెత్తి మొక్కారు. సంధిపత్రం మీద రాజముద్ర పడడమే తరువాయి.

అప్పుడు, పిల్లలూ, ముగ్గురు ఏడ్చారు.

మొదట ఏడ్చినవాడు గుర్రాల వర్తకుడు రత్నాకర శెట్టి. ఆయన ఓడల మీద దూరదేశాల గుర్రాలు తెప్పించి అమ్ముతాడు. ముత్యాలహారం ఒకటి పట్టుకుని మైలమ దగ్గరికి వచ్చి, ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"రాకుమారీ, సంధి అంటున్నారు. ఓడలో గుర్రాలు బయలుదేరాయే! వాటిని ఏం చేసుకోను?"

"మేం కొంటాం కదా శెట్టిగారూ, సవారీకి."

"సవారీ గుర్రం ఒకటి కొంటే అది ముసలిదయ్యేదాకా ఉంటుందమ్మా. యుద్ధం గుర్రం ఏడాది తిరిగేసరికి పోతుంది. ఈ ఒడ్డునా పోతుంది, ఆ ఒడ్డునా పోతుంది."

"ఆ ఒడ్డుకూ మీరే అమ్ముతున్నారా?"

శెట్టి నాలుక కరుచుకున్నాడు. హారం అక్కడే వదిలేసి వెళ్ళబోయాడు. మైలమ హారం ఆయన చేతిలో పెట్టి మరీ పంపింది.

ఏడ్చినవాళ్ళలో రెండోవాడు సేనాపతి బొప్పన. కొండలాంటి మనిషి. ముఖాన కత్తిగాటు. అలాంటివాడు వచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"అమ్మా, సేనను పోషించుకోమని నాకు ఊళ్ళిచ్చారు. ఆ ఊళ్ళ పంట నాది. వాటిలో తీర్పు నాది. ఊరి పొలిమేరలో నేను కనపడితే జనం తలపాగాలు తీస్తారు. యుద్ధం లేకపోతే సేన ఎందుకంటారు. సేన లేకపోతే నాకు ఊళ్ళెందుకంటారు. అప్పుడు బొప్పన ఎవడు?"

"మనిషి" అంది మైలమ.

"అది నాకు చాతకాదమ్మా" అన్నాడు బొప్పన. ఆ మాట నిజంగానే అన్నాడు. మైలమకు ఆయన మీద కోపం రాలేదు, జాలి వేసింది. గద్దె పేచీ తీరిపోయినా యుద్ధానికి ఇంకా ఇన్ని వేళ్ళున్నాయా అనుకుంది.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఏటిగట్టున రెల్లు పూసింది. సంధిపత్రం మీద ముద్ర పడలేదు. ఇవాళ మంచిరోజు కాదు, రేపు చూద్దాం అంటూ రాజు దాటవేస్తున్నాడు. చివరికి మైలమే ముద్ర పట్టుకుని తండ్రి ముందు నిలబడింది.

"నాన్నగారూ, కారణం పోయింది. కార్యం ఎందుకు ఉంది?"

మారభూపతి ముఖం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడ్చినవాళ్ళలో మూడోవాడు ఆయనే.

"తల్లీ, సింహాసనం అందరికీ చెప్పే మాట. ఎవరికీ చెప్పని మాట వేరే ఉంది. నడిలంక దాటే ప్రతి పడవకూ సుంకం ఉండేది. అది మాదంటే మాదని, మా నాన్నను గద్దెనెక్కించిన దొరలూ, కడలినాటివాళ్ళూ పట్టుబట్టారు. దాని గొడవ మొదలయ్యాకే గద్దె గొడవ గుర్తొచ్చింది. సుంకం కోసం చావమంటే ఎవరు చస్తారు? సింహాసనం కోసమంటే చస్తారు."

మారభూపతి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకొకటి కూడా విను. యుద్ధం ఖర్చుకని ఇంటింటా కత్తిపన్ను వేశారు. ఆ ఒక్క ఏడాదికే అన్నారు. ఈ కోట, ఆ ఏనుగులు, నీ చేతి గాజులు, అన్నీ ఆ పన్నువే. ఎందుకీ పన్ను అని ఎవరైనా అడిగితే శత్రువును చూపిస్తాను. శత్రువే లేకపోతే ఎవర్ని చూపించను?"

మైలమ తన చేతులు చూసుకుంది. గాజులు ఒక్కటొక్కటే తీసి గవాక్షంలో పెట్టింది.

అంతలో మాచయ వచ్చాడు. సంగతంతా వినగానే, "అక్కా, నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలనే కదా ఇదంతా! చిన్నప్పటినుంచి కత్తి తప్ప నాకేం నేర్పారు? యుద్ధం లేకపోతే నేనేమైపోవాలి?" అని అరిచాడు.

మైలమ తండ్రివైపు తిరిగింది.

"సరే నాన్నగారూ. యుద్ధమే చెయ్యండి. నాకు ఒక్క కోరిక తీర్చండి."

"ఏమిటి తల్లీ?"

"ఈసారి చాటింపులో నిజమైన కారణం చెప్పించండి. ఇప్పుడు మీరూ, మొన్న శెట్టిగారూ, సేనాపతీ నాకు చెప్పిన కారణమే."

రాజు కళ్ళెర్రబడ్డాయి. కూతురు ముందు ఏడ్చినందుకు సిగ్గు, ఆ సిగ్గులోంచి పౌరుషం వచ్చాయి. "చెప్పిస్తాను! నా ప్రజలు నేను పిలిస్తే వస్తారు. కారణం చూసి కాదు, నన్ను చూసి వస్తారు. ఆ ముద్రే వేసి చాటింపు వెయ్యించు" అన్నాడు.

టముకువాణ్ణి పిలిచారు. మాటలు చెప్పగానే వాడికి చెమటలు పట్టాయి. "అమ్మా, ఇది చాటితే నా తల ఉంటుందా?" అన్నాడు. రాజముద్ర చూపించాక గాని కదల్లేదు. వాడు వీధిలో నిలబడి టముకు కొట్టి ఇలా చాటాడు.

"వినండహో! వానలు వెలిశాయి. రేపు పొద్దు పొడిచేసరికి మగవాళ్ళంతా ఏటిగట్టు మైదానానికి రావలసిందహో! గద్దె పేచీ తీరిపోయింది. ఈ యేడాది యుద్ధం, నడిలంక సుంకం రాజుగారికి రావడానికహో! కత్తిపన్ను నిలవడానికహో! ఊళ్ళు బొప్పన సేనాని చేతిలో ఉండడానికహో! రత్నాకర శెట్టి గుర్రాలు అమ్ముడుపోవడానికహో! మనసైతే కొడుకులను పంపించవలసిందహో!"

ఒక ముసలామె గుమ్మంలోకి వచ్చి, "నాయనా, మళ్ళీ చెప్పు" అంది. వాడు మళ్ళీ చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. తర్వాత పక్కింటి తలుపు, ఆ పక్కింటి తలుపు. వాన వెలిశాక ఆకుల నుంచి చినుకులు రాలినట్టు, ఊరంతా ఒక్కొక్కటే గడియ పడిన చప్పుడు.

మర్నాడు పొద్దున్నే మారభూపతి గట్టెక్కాడు. పక్కన మైలమ. మైదానమంతా పాలపొంగులాంటి మంచు. ఆ మంచులో ఎప్పుడూ వేలకొద్దీ బల్లేలు కనపడేవి. ఇవాళ కొంగలు కనపడ్డాయి. భేరి మోగించారు. ఏటికి ఆవలి గట్టు నుంచి దాని ప్రతిధ్వని మాత్రం వచ్చింది. మళ్ళీ మోగించారు. కొంగలు లేచి, రెండు చుట్లు తిరిగి, మళ్ళీ అక్కడే వాలాయి. బొప్పన కూడా రాలేదు. సైనికులు లేని సేనాపతిగా నలుగురికీ కనపడడం ఆయన ఓర్చుకోలేకపోయాడు.

మంచు కొంచెం విడింది. మైదానం నడుమ ఒకే ఒక గుర్రం నిలబడి ఉంది. దాని మీద మాచయ. నిటారుగా, కత్తి దూసి, ఆవలి గట్టు వైపు చూస్తూ.

రాజు ఆ దృశ్యాన్ని చాలాసేపు చూశాడు. అంత పెద్ద మైదానంలో తన కొడుకు అంత చిన్నగా ఉంటాడని ఆయనకు ఎప్పుడూ తెలియదు. ఇన్నాళ్ళూ కొడుకులందరూ సేన మధ్యలో, జెండాల మధ్యలో కలిసిపోయి వెళ్ళారు. ఒక్కడుగా వెళుతుంటే చూడడం ఇదే మొదలు.

గట్టు దిగి, చెప్పులు మంచుతడిలో వదిలేసి, నడిచి వెళ్ళాడు.

"నీ వెనక ఎవరూ లేరురా నాన్నా."

"మీరు పిలిచారు కదా. ఎవరూ రాకపోయినా నేను వస్తాను" అన్నాడు మాచయ.

మారభూపతి గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. "పడవ సుంకానికి నిన్ను ఇవ్వనా? ఇద్దర్ని ఇచ్చాను. వాళ్ళను ఇచ్చేటప్పుడు ఇంత తేటగా కనపడలేదురా" అని, కొడుకు మోకాలికి తల ఆనించి, నిన్నటి ఏడుపు కాదు, వేరే ఏడుపు ఏడ్చాడు. మాచయ చేతిలోంచి కత్తి జారి గడ్డిలో పడింది.

ఆ రోజే ముద్ర పడింది.

సారె వెళ్ళింది. పసుపు, కుంకుమ, చలిమిడి, పట్టుచీరలు, పడవ నిండా. మారభూపతి తానే తీసుకువెళ్ళి, కామసాని ఒళ్ళోని పసివాణ్ణి ఎత్తుకుని "మనవడా" అన్నాడు. ఆ మాట నోటికి రావడానికి కాస్త కష్టపడ్డాడు కాని, వచ్చింది. నడిలంక సుంకం ఇక ఏ ఒడ్డుకూ లేదు. నేతగాళ్ళు ఎవరి పత్తి కావాలంటే వాళ్ళది కొన్నారు, ఎవరికి కావాలంటే వాళ్ళకు బట్ట అమ్మారు. కాగుల్లో కప్పలకు మాత్రం ఇల్లు పోయింది.

కత్తిపన్ను రద్దయింది. కోటలో ఏనుగులు తగ్గాయి. చూరు కారితే రాజే కొత్తకుండ తెచ్చి కింద పెట్టుకునేవాడు. శెట్టి కొన్నాళ్ళు సణిగాడు, తర్వాత బండ్లకు పొట్టి గుర్రాలు తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. సిపాయిలకు బీడునేలలు పంచారు. బొప్పనకూ ఇస్తామన్నారు. ఆయన తీసుకోలేదు. ఇంకో దేశంలో ఇంకో యుద్ధం ఉందని విని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆయన మాట ఎవరూ వినలేదు.

మాచయ అక్కతో చాలాకాలం మాట్లాడలేదు. ఏం చెయ్యాలో తెలియక ఏటిగట్టున తిరిగేవాడు. అలా తిరుగుతూ తిరుగుతూ పడవ నడపడం నేర్చుకున్నాడు. వరదలో సరుకు పడవలను దాటించడానికి తెగువ కావాలి, అది అతనికి కావలసినంత ఉంది. నడిలంక పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. కడలినాటి పడవవాళ్ళతో పందేలు వేసి, ఓడిపోతే తగవు పెట్టుకుని, సాయంత్రానికి వాళ్ళతోనే కూర్చుని అన్నం తినేవాడు. ఒకనాడు అక్క ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్టు, "ఆకలేస్తోంది, ఏం వండావు?" అన్నాడు. అంతే. అలక తీరిపోయింది.

ఏళ్ళు ఏరులా పోయాయి. ఒక మధ్యాహ్నం మాచయ అక్క వాకిట్లో చాప మీద వాలి నిద్రపోతున్నాడు. ఎండ మెల్లగా అతని ముఖం మీదికి పాకింది. నీడ పట్టడానికి వంగిన మైలమకు తమ్ముడి మీసంలో ఒక తెల్లవెంట్రుక కనపడింది.

ఆమె ఆగిపోయింది. మళ్ళీ చూసింది. తెల్లదే. కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు.

మాచయ కళ్ళు తెరిచాడు. "ఏమిటక్కా? ఎందుకు నవ్వుతున్నావు? ఎందుకు ఏడుస్తున్నావు?"

"ఏం లేదురా. నువ్వు ముసలాడివి అవుతున్నావు."

"ఓసింతేనా" అని అతను పక్కకు తిరిగి మళ్ళీ నిద్రపోయాడు.

కాబట్టి పిల్లలూ, కత్తి పట్టమని ఎవరు పిలిచినా, ఆ కత్తి ఎవరి కంచం నింపుతుందో ముందు అడిగి తెలుసుకోవాలి.